నేను వెళ్తేనే కాగే నీళ్లు

ముప్పై ఎనిమిదేళ్లు ఫ్రిజ్‌లు, కూలర్లు, ఏసీలు బాగుచేసి బతికాను. అందులో ముప్పై నాలుగేళ్ల పాటు నేను చల్లదనం తయారు చేస్తున్నాననే అనుకున్నాను. తీరా చూస్తే చల్లదనం అనే వస్తువే లోకంలో లేదు. ఉన్నది వేడి ఒక్కటే. దాన్ని ఒకచోట తోడి ఇంకోచోట పోయడమే మా పని. ఈ సంగతి నాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పలేదు, కంపెనీ వాళ్ల ట్రైనింగ్‌లోనూ తలకెక్కలేదు. భూపాలపల్లి బొగ్గు గనిలో పంపు నడిపి రిటైరైన ఓదెలు అనే ఆయన, పొయ్యి దగ్గర జావ కలుపుతూ చెప్పాడు. అప్పటికే నావల్ల జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో మా ఇంటికి వస్తుంటారు. "యాకూబ్ భాయ్, జర మీ అనుభవాలు చెప్పుండ్రి" అంటారు. నేను ఎన్ని మిషన్లు బాగుచేశానో చెబితే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. మూడుసార్లు పిలిచినా బాగుచేయలేకపోయిన ఒక్క మిషన్ సంగతి చెబితే కాస్త పనికొస్తుంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాలంటే సిగ్గేస్తుంది కాబట్టి రాస్తున్నాను.

రెండు పైపులు

జనగామలో స్టేషన్ రోడ్డు మీద మస్తాన్ ఉస్తాద్‌కు చిన్న దుకాణం ఉండేది. పని అక్కడే నేర్చుకున్నాను. ఆయన గ్యాస్ ఒత్తిడి చూసే గేజీ పెట్టకముందే చేతి వెనక భాగంతో పైపును తాకి రోగం చెప్పేవాడు. "రెండు పైపులుంటయిరా యాకూబ్. ఒకటి కాలుతది, ఒకటి సల్లగుంటది. ఆ రెండిట్ల నడుమనే మన బువ్వ" అనేవాడు. కాలే పైపు ఎందుకు కాలుతుందని ఒకసారి అడిగాను. "నువ్వు పని నేర్వనీకి వచ్చినవా, సవాళ్లు అడగనీకి వచ్చినవా?" అన్నాడు. మళ్లీ అడగలేదు. ఆయన కసురుకోవడం ఆయన స్వభావం. నేను అడగడం మానేయడం మాత్రం నా తప్పే.

ఈ విషయంలో మా అమ్మ నాకంటే నయం. వానాకాలం వచ్చిందంటే ఇంట్లో తడి బట్టలన్నీ ఫ్రిజ్ వెనక తాడు మీద ఆరేవి. ఈ పెట్టెకు లోపలొక మొహం, బయటొక మొహం ఉన్నాయని నవ్వేది. లోపల పెట్టిన పాలలోంచీ కూరలోంచీ తోడిన వేడే వెనక ఉన్న ఇనప తీగల జాలి మీదికి వచ్చి ఆ బట్టల్ని ఆరబెడుతోందని నాకు తట్టలేదు. రోజూ ఆ జాలి దుమ్ము దులిపే చేతులే నావి.

ఉస్తాద్ నేర్పిన సూత్రాల్లో ఒకటి నా నెత్తిన గట్టిగా కూర్చుంది. పైపు మీద మంచు కడితే గ్యాస్ తగ్గినట్టు. చాలాసార్లు అది నిజమే. చాలాసార్లు నిజమయ్యే మాటే మెకానిక్‌ను ముంచుతుంది, ఎందుకంటే దాన్ని నమ్మి కళ్లు మూసుకుంటాడు.

తర్వాత హన్మకొండలో ఒక డీలర్ దగ్గర సర్వీసు పనికి చేరాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఎక్కడ మిషన్ మొరాయించినా నన్నే పంపేవాడు. ఆ సేటు మంచివాడే కానీ ఆయనకొక సిద్ధాంతం ఉండేది. "పోయినంక ఏదన్న ఒకటి చెయ్యాలె. ఊకె చూసి వస్తె కస్టమర్‌కు మనమీద గురి ఉండది" అనేవాడు. దవాఖానకు వెళ్తే సూది వేయించుకుంటే తప్ప తృప్తిపడని జనం మనవాళ్లు. మా దగ్గర ఆ సూది పేరు గ్యాస్.

ఇక్కడ ఒక మాట కుండబద్దలు కొట్టినట్టు చెబుతాను. గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. పైపుల్లో పడి తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు వెతకకుండా గ్యాస్ పట్టేవాడు చిల్లు కుండలో నీళ్లు పోసేవాడితో సమానం. నేను చాలా కుండల్లో పోశాను.

నిప్పు లేకుండా నీళ్లు

నా సర్వీసు చివరి సంవత్సరాల్లో సేటు సోలార్ సామానుతో పాటు హీట్ పంపులు అమ్మడం మొదలుపెట్టాడు. నిలువెత్తు టాంకీ, దాని నెత్తిన ఏసీ మిషన్ లాంటిది. చుట్టూ ఉన్న గాలిని పీల్చుకుని, అందులోని వేడిని తోడి టాంకీలోని నీళ్లకిస్తుంది. వేడి పోగొట్టుకున్న గాలిని చల్లగా బయటికి వదిలేస్తుంది. ఫ్రిజ్‌కు మనం లోపలి మొహం వాడుకుంటాం, దీనికి బయటి మొహం వాడుకుంటాం, అంతే తేడా. గీజర్ కరెంటును కాల్చి వేడి పుట్టిస్తుంది. ఇది పుట్టించదు, ఉన్నదాన్ని మోసుకొస్తుంది. అందుకే ఒక వంతు కరెంటుతో ఇంచుమించు మూడు వంతుల వేడి ఇస్తుంది.

ఇంత చక్కని మిషన్‌తో మనవాళ్లకు పడే పేచీ ఒక్కటే. దాన్ని గీజర్ అనుకుంటారు. స్నానానికి పది నిమిషాల ముందు స్విచ్ వేసి, తువ్వాలు భుజాన వేసుకుని నిలబడతారు. అది తాపీగా పనిచేసే రకం. టాంకీ నిండా నీళ్లు కాగాలంటే కొన్ని గంటలు పడుతుంది. కాగాయంటే మాత్రం మరునాటి దాకా వేడి పోదు. దాన్ని ఆన్‌లో వదిలేసి మన పని మనం చూసుకోవాలి. యాభై, యాభై ఐదు డిగ్రీల దగ్గర పెట్టుకుంటే సుఖంగా నడుస్తుంది. ఇంకా ఇంకా పెంచుతూ పోతే బరువు నెత్తిన పెట్టి గుట్ట ఎక్కించినట్టే, ఎక్కుతుంది కానీ ఆయాసపడుతుంది.

మహబూబాబాద్‌లో ఒక టీచరమ్మ టాంకీ కారుతోందని ఫోన్ చేసింది. వెళ్లి చూస్తే చిన్న పైపులోంచి బొట్టు బొట్టుగా నీళ్లు పడుతున్నాయి. ఆమె దాని కింద గిన్నె పెట్టి, నిండగానే కొత్తిమీర మడికి పోస్తోంది. టాంకీ కారడం లేదమ్మా, ఇవి గాలిలోంచి వచ్చిన నీళ్లు అన్నాను. "గాలిల నీళ్లెక్కడియి భాయ్?" అన్నది. ఐసు నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయట చెమట పట్టదా, అలాంటివేనని చెప్పాను. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే వానకాలం ఎక్కువ పడతయి, ఎండకాలం తక్కువ పడతయి, అంతేనా?" అని అడిగింది. అంతే. ఎన్నో ఏళ్లుగా ఏసీల కింద బకెట్లు పెడుతున్నా నాకు ఆ ప్రశ్నే రాలేదు. బస్సెక్కాక కూడా దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఓదెలన్న ఇల్లు

ఓదెలన్నది టేకుమట్ల దగ్గరి పల్లె. గనిలో ముప్పై ఏళ్లు పంపు నడిపాడు. గనిలో ఊరే నీళ్లు ఒక గుంతలోకి చేరతాయి, దాన్ని సంపు అంటారు. ఆ నీళ్లను పైకి తోడిపోసే పంపుకు కాపలా ఉండడం ఆయన డ్యూటీ. రిటైరయ్యాక భూపాలపల్లిలోనే ఇల్లు కట్టుకున్నాడు. భార్య కొమురక్క. ఆ ఇద్దరే ఉంటారు.

బొగ్గు ఊళ్లలో చాలా ఇళ్లలో లాగే ఆ ఇంట్లోనూ పెళ్లయినప్పటి నుంచి వంటకూ స్నానాలకూ బొగ్గు పొయ్యే. డ్యూటీ దిగి వచ్చిన మనిషి ఒంటి మీది మసి వదలాలంటే కాగు నిండా నీళ్లు సలసల మరగాలి. తెల్లవారకముందే లేచి ఆ పొయ్యి ముట్టించింది కొమురక్క. ఆ పొగంతా ఆమె ఊపిరితిత్తుల్లో పేరుకుంది. నేను ఆమెను మొదటిసారి చూసేనాటికి మూడు మాటలు మాట్లాడితే ఒకసారి ఆగి గాలి పీల్చుకునేది. "రా... తమ్మీ... కూసో" అనడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. డాక్టర్ రెండు షరతులు పెట్టాడట. పొగ తగలకూడదు, చలిగాలి తగలకూడదు. పొగ తగిలితే ఈసారి ప్రాణానికే ముప్పు అన్నాడట.

వంటకు గ్యాస్ పొయ్యి వచ్చింది కానీ, కాగు నిండా నీళ్లు దాని మీద కాగబెడితే సిలిండర్ నెల రాదు. నీళ్లకు బకెట్లో వేసే రాడ్ తెస్తే ఒకరోజు కొమురక్క షాక్ తిన్నది, దాన్ని ఆ పూటే బయట పారేశారు. చన్నీళ్లు పోసుకుంటే ఆమెకు దగ్గు తెర ఆగదు. అందుకే ఓదెలన్న హీట్ పంపు కొన్నాడు. పెరట్లోని బొగ్గు పొయ్యిని తన చేతులతోనే పగలగొట్టాడు. వంటింటి వెనక బొగ్గు పోసుకునే చిన్న గదిని కడిగి, సున్నం వేయించి, మిషన్‌ను అందులో పెట్టించాడు. నెల రోజులు బ్రహ్మాండంగా నడిచింది. చలి మొదలయ్యాక ఫోన్ వచ్చింది.

మొదటిసారి వెళ్లేముందు ఫలానా బస్సుకు వస్తున్నానని చెప్పాను. నేను వెళ్లేసరికి గది వాకిలి బార్లా తెరిచి, నా కోసం స్టూలు వేసి ఉంది. మూత విప్పి చూస్తే లోపలి పైపుల వరుస మీద తెల్లగా మంచు పేరుకుంది. గేజీ పెట్టాను. ముల్లు కిందికి ఉంది. ఉస్తాద్ సూత్రం, గేజీ ముల్లు ఒక్కటే మాట చెబుతున్నాయి. ఇంకేం కావాలి? గ్యాస్ పట్టాను. రెండు గంటల్లో మంచు కరిగి, నీళ్లు కాగడం మొదలైంది. ఓదెలన్న చేయి పెట్టి చూసి, "మా గనిల ఇంజినీర్ల కంటె నువ్వే నయం భాయ్" అన్నాడు. చాయ్ తాగి, మీసం దువ్వుకుంటూ బస్సెక్కాను.

పది రోజులకు మళ్లీ ఫోన్. మళ్లీ చెప్పే వెళ్లాను. అదే మంచు, అదే ముల్లు. ఈసారి సబ్బు నురగ చేసి ప్రతి అతుకుకూ పూసి చూశాను. ఎక్కడా బుడగ రాలేదు, అంటే ఎక్కడా కారడం లేదు. కారకపోతే గ్యాస్ తగ్గడానికి వీల్లేదు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా గ్యాస్ పట్టాను, ఎందుకంటే పోయినసారి పడితే బాగైంది కదా. మళ్లీ రెండు గంటల్లో నీళ్లు కాగాయి.

ఓదెలన్న నన్ను బస్టాండ్ దాకా దిగబెట్టాడు. "గమ్మతుంది భాయ్. నువ్వొస్తె కాగుతయి, నువ్వు పోతె సల్లవడుతయి. మిషిన్ నీకు భయపడుతున్నట్టుంది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వులాటలోనే జవాబు ఉంది. నేను వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఏం మారుతోంది? అది ఒక్కటి అడిగి ఉంటే సరిపోయేది. గ్యాస్ అని నా దగ్గర జవాబు ముందే తయారుగా ఉంది, ఇక ప్రశ్న ఎందుకు పుడుతుంది?

నోరు జారిన మాట

మూడోసారి ఫోన్ వచ్చినప్పుడు నేను మహబూబాబాద్‌లో వేరే పని మీద ఉన్నాను. ఆరోజు కాలు బెణికింది, చిరాకు మీద ఉన్నాను. "ఓదెలన్నా, చలికాలం గా మిషిన్ గంతే. ఒక్క నెల ఓపిక పట్టు. అందాక పొయ్యి ముట్టించుకోరాదు" అన్నాను.

ఆ ఇంట్లో పొయ్యి ఎందుకు పగిలిందో నాకు తెలుసు. ఆమె మాట ఎందుకు తెగిపోతుందో తెలుసు. అయినా ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. దాన్ని నేను మర్చిపోయాను కూడా.

వారం తర్వాత ఓదెలన్నే ఫోన్ చేశాడు. తిట్టడానికి కాదు. తిడితే ఎంతో బాగుండేది. "భాయ్, నువ్వు చెప్పినట్టే పెరట్ల మూడిటికెలు వెట్టి పొయ్యి ముట్టిచ్చిన. ఆమెను లోపల్నే ఉండుమన్న. అయినా పొగ ఆగుతదా? నిన్న పొద్దుగాల దమ్ము అందలె. దవాఖానల వేసిన, గాలి పెట్టిండ్రు. అండ్ల నీ తప్పేం లేదు గని, మిషిన్ ఒకసారి చూస్తవేమోనని చేసిన" అన్నాడు.

ఫోన్ పెట్టేసి సామాను సంచి సర్దుకున్నాను. సేటు ఇంకెక్కడికో పొమ్మన్నాడు. పోనని చెప్పి, కాళేశ్వరం పోయే బస్సెక్కి భూపాలపల్లిలో దిగాను. వస్తున్నానని ఓదెలన్నకు చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

చెప్పకుండా వెళ్లిన రోజు

ఓదెలన్న దవాఖానకు తీసుకుపోవడానికి వంటింట్లో జావ కాస్తున్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దని, తిన్నగా వెనక గదివైపు నడిచాను. తలుపు ఉండాల్సిన చోట మందపాటి తార్పాలిన్ పర్దా వేలాడుతోంది. కింద ఇటుకలు బరువుగా పెట్టి, పక్కల మేకులు కొట్టి, సందు లేకుండా బిగించి ఉంది. ముందు వచ్చిన రెండుసార్లూ ఆ తార్పాలిన్ చుట్టను వాకిలి పైన చూశాను. వానకు కట్టుకున్నారేమో అనుకున్నాను.

పర్దా పక్కకు లాగి లోపల అడుగుపెట్టాను. ఐసు ఫ్యాక్టరీలో అడుగుపెట్టినట్టు ఒళ్లు జలదరించింది. గోడకున్న వెంటిలేటర్‌ను ఇటుకలతో మూసి, మట్టి మెత్తి, పైన సున్నం కూడా వేసి ఉంది. మిషన్ మూలుగుతోంది. పైపుల మీద వేలెడు మందాన మంచు.

"అన్నా, ఇది ఎప్పుడు కట్టినవు?" అని అడిగాను.

"సలి మొదలైనప్పుడే కట్టిన. మిషిన్ సల్లటి గాలి ఇడుస్తది గద, అది సక్కగ వంటింట్లకు, ఆమె మీదికి వస్తుండె. డాక్టర్ సలిగాలి తగలద్దన్నడు. గనిల బొగ్గు తీసిన పాత జాగలు ఎట్ల మూస్తమో గట్ల మూసిన. సూది మొన గుడ దూరది." ఆ చివరి మాటలో పనితనం తెలిసిన మనిషి గర్వం ఉంది.

"మరి నేనొచ్చినప్పుడు?"

"నువ్వు పనిజేసెటప్పుడు అడ్డం గాదా? నువ్వొస్తున్ననని చెప్పంగనె లేపి పెడుతుంటి. నువ్వు పోంగనె దించుతుంటి."

గదిలోంచి వంటింట్లోకి వచ్చాను. రెండుసార్లూ నీళ్లు కాగింది నా గ్యాస్ వల్ల కాదు. పర్దా లేపి ఉండబట్టి బయటి గాలి లోపలికి వచ్చింది, మంచు కరిగింది, మిషన్ కోలుకుంది. నేను పట్టింది ఉత్త అదనపు భారం. ఓదెలన్న నా మీది మర్యాద కొద్దీ పర్దా లేపి, రోగాన్ని నా కంట పడకుండా చేశాడు. నేను నా తెలివి మీది నమ్మకం కొద్దీ వెతకలేదు.

సంపు

ఆయనకు చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియలేదు. "అన్నా, నీళ్లకు వేడి ఈ గాలిలకెంచే వస్తది" అన్నాను.

"గాలి సల్లగుంది గద. అండ్ల వేడెక్కడిది?"

"సల్లగున్నా కొంత ఉంటది. మిషిన్ దాన్ని ఇంక సల్లగ జేసి, ఉన్న వేడి తోడుకుంటది. మళ్ల కొత్త గాలి రావాలె, మళ్ల తోడాలె."

ఓదెలన్న జావ కలుపుతూ కలుపుతూ ఆగాడు. గరిటె గిన్నెలోనే వదిలేసి నా వైపు తిరిగాడు.

"అంటె గిది పంపే గద భాయ్. మోటర్ నీళ్లను పుట్టిస్తదా? పుట్టియ్యది. కిందున్నయి పైకి తెస్తది. ఈ గది సంపు. గాలి ఊట. నేను ఊటను బందువెట్టిన. ఎండిన సంపుల పంపు నడిపిన." "ముప్పయ్యేండ్లు గదే కాపలా కాసిన భాయ్. సంపు ఎండితె పంపు నడపద్దని కొత్తగ వచ్చినోళ్లకు నేనే చెప్పేది. నా ఇంట్ల నేనే..."

ఆయన ఏడవలేదు. గరిటె తీసుకుని మళ్లీ జావ కలిపాడు. నాకు మాత్రం అప్పుడే కళ్లు తెరుచుకున్నట్టు అనిపించింది. మస్తాన్ ఉస్తాద్‌ను అడిగి ఊరుకున్న ప్రశ్నకు జవాబు అదే. కాలే పైపు కాలేది చల్లటి పైపు తోడి తెచ్చిన వేడితో. ఫ్రిజ్ పంపు, ఏసీ పంపు, ఇది పంపు. అన్నీ ఒకటే. ఇన్నేళ్లు నేనూ ఓదెలన్నలాగే పంపు ఖలాసీ పని చేస్తూ చల్లదనం వ్యాపారం చేస్తున్నాననుకున్నాను. దుఃఖం ఒకవైపు, ఇంత తేలికైన సంగతా అన్న ఆశ్చర్యం ఒకవైపు. ఆ సమయంలో ఆశ్చర్యపడ్డందుకు నామీద నాకే కోపం వచ్చింది కూడా.

"మూసింది నువ్వు, చూడంది నేను. నాదే పెద్ద తప్పు" అన్నాను.

ఇద్దరం కలిసి దవాఖానకు వెళ్లాం. కొమురక్క ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ మాస్క్ పెట్టి ఉంది. మంచం పక్కన నిలబడి, పొయ్యి ముట్టించమన్నది నేనేనని, మిషన్ చెడిపోలేదని చెప్పాను. ఆమె నా వైపు చూసి చేయి ఊపింది. పోనీలే అన్నదో, పో అన్నదో నాకు అర్థం కాలేదు.

మరునాడు పని మొదలుపెట్టాం. సుత్తె పెట్టి వెంటిలేటర్ ఇటుకలు పగలగొట్టాం. పెరటి వైపు గోడకు జాలి పెట్టించి కొత్త గాలికి దారి చేశాం. మిషన్ వదిలే చల్లగాలికి రేకు గొట్టం తగిలించి, వెంటిలేటర్ గుండా బయటికి పంపాం. వంటింటికీ ఆ గదికీ మధ్య గట్టి తలుపు బిగించాం. చలిగాలి కొమురక్కకు తగలదు, మిషన్‌కు గాలి తక్కువ కాదు. మొదటిరోజే ఈ పని చేసి ఉండాల్సింది. తర్వాత నేను ఎక్కువ పట్టిన దాంతో సహా గ్యాసంతా వెనక్కి సిలిండర్‌లోకి లాగేసి, మిషన్ మీద రాసి ఉన్న తూకం ప్రకారం తూచి పట్టాను. అది అయ్యాక గేజీ ముల్లు ఉండాల్సిన చోట నిలబడింది.

కొమురక్క నాలుగు రోజులకు ఇంటికి వచ్చింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మంచు కనబడితే ముందు దాన్ని కరగనివ్వండి, తర్వాతే గేజీ పెట్టండి. మంచు కట్టిన మిషన్ మీద గేజీ నిజం చెప్పదు. గాలి ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది, మధ్యలో ఎవరు ఏం అడ్డం పెట్టారు, ఇవి చూడకుండా సిలిండర్ మూత తిప్పకండి. వీలైతే ఒకసారైనా చెప్పకుండా వెళ్లండి. మనం వస్తున్నామంటే ఇల్లంతా సర్దేస్తారు, మనకు కావాల్సింది సర్దని ఇల్లు. సేటు కోప్పడినా సరే, చేయాల్సిందేమీ లేకపోతే ఏమీ చేయకుండా తిరిగి రండి. ఇంకో సంగతి కూడా ఉంది. అది నాకు ఆ చలికాలం వెళ్లాక తెలిసింది.

మాఘం దాటాక

ఎండ కాస్త చురుక్కుమనే రోజుల్లో ఫిల్టర్ కడుగుదామని వెళ్లాను. కొమురక్క వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఓదెలన్న పక్కనే ఉన్నాడు. నేను ఫిల్టర్ కడిగి, బిగించి, నీళ్లు కాగాయో లేదో చూసి వచ్చి, "అక్కా, ఇప్పుడు పరేషాన్ లేదు గద?" అని అడిగాను.

ఆమె చిక్కుడుకాయలు పక్కకు జరిపింది.

"తమ్మీ, ఒక మాట చెప్త, నడుమల అందుకోకు. పర్దా కట్టిన్నాడే నాకు సమజైంది. పొద్దంత వంటింట్లనే ఉంట గద నేను. పర్దా లేపితె మిషిన్ సప్పుడు మెల్లగుంటది, దించితె మూలుగుతది. గింతే గద సంగతి! ఈయనకు చెప్పవోతె, మాట్లాడకు దమ్మొస్తది అనె. నువ్వు రెండోసారి వచ్చిన్నాడు నీకన్న చెప్దామని గడప దాక వస్తి. అక్కా నువ్వు కూసో, మాట్లాడకు, ఆయాసపడతవు అంటివి. అంటివా లేదా? పొయ్యి ముట్టిచ్చేటప్పుడన్న నన్ను అడిగిండ్రా? నీళ్లు నాకేనాయె, పొగ నాకేనాయె, అడిగింది మాత్రం ఒకల్లనొకలు. మీరిద్దరు నామీద ప్రేమతోని, పావురంతోని నా నోరు మూసి నన్ను దవాఖానల పండవెట్టిండ్రు."

అన్నాను. ఆ మాట ఆమె చెప్పేదాకా గుర్తులేదు, చెప్పాక గడప దగ్గర నిలబడి నోరు తెరిచిన ఆమె మొహం కూడా గుర్తొచ్చింది. రోగం తెలిసిన మనిషి ఆ ఇంట్లో మొదటి నుంచీ ఉంది. ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపికే మాకు లేకపోయింది. నాకు సిగ్గుతో తల వంగిపోయింది. ఏదో అనబోయి, నడుమ అందుకోవద్దన్నది కదా అని ఊరుకున్నాను.

ఓదెలన్న మాత్రం తల వంచలేదు. ఆమె నోటివైపే చూస్తున్నాడు. అంత పొడుగు మాట ఆమె ఎక్కడా ఆగకుండా అన్నదని నాకప్పుడు తట్టింది. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఇంక తిట్టు కొమురా" అన్నాడు. "ఆపకు, ఇంక తిట్టు."